సబ్బు బుడగల కప్పులో పిల్లలకి పాలు పోసే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య చెన్నైలో పిల్లలకి సెలవులు ఇస్తే చాలు, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో, పుట్టినరోజు ఫంక్షన్లలో "బబుల్ పాటరీ" అని క్లాసులు పెడుతున్నారు. రంగునీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి, స్ట్రాతో ఊది, పైకి పొంగిన నురగని మట్టి కప్పుకి తాకిస్తే బుడగలు పగిలి గుండ్రటి గీతలు పడతాయి. ఆ పని మీద నాకే కోపమూ లేదు, పైపెచ్చు చాలా ఇష్టం. కానీ సగం నేర్పి సగం వదిలేస్తున్నారు, ఆ వదిలేసిన సగం పిల్లల కడుపులోకి పోయే వ్యవహారం కాబట్టి రాస్తున్నాను.

నేను గూడూరు సిరామిక్ ఇన్‌స్టిట్యూట్‌లో డిప్లొమా చేశాను. ఉద్యోగం ఇన్సులేటర్ల ఫ్యాక్టరీలో. ఇప్పుడు పెరంబూరులో అమ్మాయి వాళ్ల దగ్గర ఉంటున్నాను. గ్లేజుతో (మట్టిపాత్ర మీద గాజులా కరిగే పూత), కిల్న్‌తో (మట్టిని కాల్చే బట్టీ) బతికినవాణ్ణి, అందుకే ఈ చనువు.

ముందు ఆ బుడగ ఎలా పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే క్లాసు పెట్టేవాళ్లలో చాలామంది ఇది చెప్పరు, పిల్లలు మాత్రం తప్పకుండా అడుగుతారు. సబ్బు వల్ల నీటి తలతన్యత తగ్గుతుంది, అందుకే పల్చటి పొర చిరగకుండా కాసేపు నిలబడుతుంది. ఆ పొరలోని నీళ్లు మెల్లగా కిందికి, బుడగకీ బుడగకీ మధ్య ఉన్న సందుల్లోకి జారతాయి, వాటితో పాటు రంగు కూడా జారి అక్కడ పోగవుతుంది. ఒకసారి కాల్చిన మట్టి, దాన్ని బిస్క్ అంటాం, విపరీతమైన దాహంతో ఉంటుంది. తాకగానే నీళ్లు పీల్చేసుకుని రంగుని పైన ఉంచేస్తుంది. అందుకే బుడగ మధ్యలో ఖాళీ, అంచున గీత. నురగలో మూడు పొరలు కలిసే చోట ఎప్పుడూ 120 డిగ్రీల కోణమే ఉంటుందని 19వ శతాబ్దంలో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో (గ్రీకు తత్వవేత్త కాదు) గమనించి చెప్పాడు. ఆ లెక్కే కప్పు మీద తేనెపట్టులాంటి గీతలుగా దిగుతుంది. ఇంత భౌతికశాస్త్రాన్ని పిల్లల చేతిలో పెట్టే పని ఇంకొకటి నాకు తోచడం లేదు.

చేసే మెళకువలు కూడా ఉన్నాయి. రంగునీళ్లుగా కలిపే గ్లేజు చిక్కగా ఉంటే పొంగదు, మరీ పల్చనైతే గీత కనబడదు. మామూలు గ్లేజు కంటే అండర్‌గ్లేజ్, అంటే గ్లేజు కింద వేసే రంగు, నయం, అది మెత్తగా ఉంటుంది, కాల్చినప్పుడు కరిగి పారదు, గీత గీతలాగే నిలుస్తుంది. రంగు అడుక్కి దిగిపోతుంది కాబట్టి ఊదే ముందు ప్రతిసారీ కలపాలి. వెడల్పు గిన్నెలో కాకుండా ఇరుకు గ్లాసులో ఊదితే నురగ గుట్టగా లేస్తుంది. ఫ్యాన్ కట్టేయాలి, మే నెల మద్రాసులో అది ఎంత కష్టమో తెలుసు, కానీ గాలికి బుడగ కప్పుని తాకేలోపే పగిలిపోతుంది. ఒక రంగు ఆరాక రెండోది వేస్తే గీతల మీద గీతలు పడి ఇంకా బాగుంటుంది.

ఇక అసలు సంగతి. ఇదంతా అయ్యాక దాని మీద పారదర్శకమైన గ్లేజు వేసి మళ్లీ కిల్న్‌లో పెట్టాలి. బ్రష్‌తో పూస్తే కింద రంగు అలుక్కుపోతుంది, కాబట్టి ముంచడమో స్ప్రే చేయడమో చేయాలి. అడుగున గ్లేజు తుడవాలి, లేకపోతే కిల్న్ పలకకి అంటుకుపోతుంది. మామూలు ఎర్రమట్టికి వేసే గ్లేజైతే 1000 నుంచి 1060 డిగ్రీల దాకా, స్టోన్‌వేర్, అంటే ఎక్కువ వేడికి రాయిలా గట్టిపడే మట్టి, అయితే 1220 డిగ్రీలు, కొందరు 1280 దాకా కూడా కాలుస్తారు. సబ్బు ఆ వేడిలో ఎప్పుడో కాలిపోతుంది, దాని గురించి భయం అక్కర్లేదు. గ్లేజులో ఉన్న సిలికా కరిగి గాజుగా మారి మట్టి రంధ్రాలు మూసేస్తుంది. అప్పటిదాకా అది కప్పు కాదు.

మా మనవరాలు వెళ్లిన క్లాసులో కిల్న్ అనే మాటే రాలేదు. మామూలు మట్టి కప్పు మీద యాక్రిలిక్ పెయింటుతో బుడగలు వేయించి, పైన వార్నిష్ కొట్టి, ఇంటికెళ్లి పాలు తాగమని చెప్పి పంపారు. యాక్రిలిక్ అంటే ప్లాస్టిక్ పొర. వేడి పాలు పోసి పీచుతో నాలుగుసార్లు తోమితే లేచిపోతుంది, కింద ఉన్న మట్టి పాలు పీల్చుకుని వాసన పడుతుంది. దాన్ని అలమరలో పెట్టుకోండి, పెన్నులు వేసుకోండి, అందంగానే ఉంటుంది. ఎక్కడో ఒక క్లాసులో ఇలా జరిగిందని ఇక్కడి క్లాసులన్నిటినీ అనడం లేదు, చక్కగా కాల్చి ఇచ్చే స్టూడియోలు కూడా చెన్నైలో ఉన్నాయి. పాండిచ్చేరిలో 1971లో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో రే మీకర్, డెబొరా స్మిత్ గార్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, ఆ పద్ధతిలో పెరిగినవాళ్లకి గ్లేజు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. నా బాధ వాళ్లతో కాదు.

ఇంకొకటి స్ట్రా. పిల్లలకి స్ట్రా అంటే పీల్చడమే అలవాటు. నీలం రంగు అంటే చాలావరకు కోబాల్ట్, ఆకుపచ్చ అంటే రాగి లేదా క్రోమ్, నలుపు, గోధుమ రంగుల్లో మాంగనీసు ఉంటాయి, కొన్ని ఎరుపు పసుపుల్లో కాడ్మియం ఉంటుంది. ఇవి నోట్లోకి పోకూడనివి. స్ట్రా పైభాగంలో, గ్లాసు అంచుకి పైన, సూదితో చిన్న రంధ్రం పెట్టండి చాలు. ఊదితే బుడగలు వస్తాయి, పీలిస్తే మాత్రం ఆ రంధ్రంలోంచి గాలే లోపలికి వస్తుంది, రంగునీళ్లు పైకి ఎక్కవు. ముందు ఒట్టి సబ్బునీళ్లతో ఊదించి చూడాలి. ఎవరి స్ట్రా వాళ్లదే. మరీ చిన్నపిల్లలైతే పెద్దవాళ్లు ఊదిపెట్టి, నురగకి కప్పు తాకించే పని పిల్లలకి ఇవ్వాలి, సరదా అంతా అందులోనే ఉంది. పొడి గ్లేజుని పిల్లల ముందు కలపొద్దు. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు, ఫ్యాక్టరీలో పనిచేసిన మాకు సిలికోసిస్ అంటే ఏమిటో కళ్లారా తెలుసు. బల్ల మీద పడిన పొడిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి.

సీసం సంగతి కూడా చెప్పాలి. తక్కువ వేడికి గ్లేజు కరగడానికి పూర్వం సీసం కలిపేవారు, ఇప్పుడు ఆ పని బోరాన్ ఫ్రిట్‌తో (బోరాన్ కలిపి కరిగించి పొడి చేసిన గాజు) జరుగుతుంది, కాబట్టి సీసం లేని గ్లేజు దొరకదు అనే మాట ఎవరైనా అంటే నమ్మకండి. మన ఇళ్లలో ఆవకాయ పింగాణీ జాడీలోనే పెట్టేవాళ్లం కదా, ఆ పులుపుకీ ఉప్పుకీ తట్టుకునే గ్లేజు అది. పుల్లటి పదార్థం తగిలినప్పుడే గ్లేజు బలం తెలుస్తుంది. లేబొరేటరీలో కూడా 4 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని పాత్రలో 24 గంటలు ఉంచి, అందులోకి దిగిన సీసం, కాడ్మియం ఎంతో కొలుస్తారు. ఇంట్లో నిమ్మచెక్క ఒక రాత్రి ఉంచి చూడొచ్చు, గ్లేజు రంగు మారితే ఆ పాత్ర వాడకండి. మారకపోయినా అంతా క్షేమం అని అర్థం కాదు, సీసం రంగు చూపించదు.

వీటన్నిటికీ తేలిక దారి ఒకటుంది. బుడగలు కప్పు బయటివైపే వేయించండి, అది కూడా పెదవి తగిలే చోటికి ఒక వేలు కిందనే ఆపించండి, లోపల రంగు లేని, సీసం లేని గ్లేజు పోయండి. అందానికి అందం, పాలకి పాలు.

కాల్చడం ఎక్కడ అంటారేమో. కిల్న్ ఉన్న స్టూడియోలతో మాట్లాడుకుని కప్పులన్నీ ఒక్కసారే పెట్టించవచ్చు. ఆరు రోజులు ఆలస్యమవుతుంది, అవనివ్వండి. ఆ ఆరు రోజుల్లో పిల్లల్ని పురసవాక్కం దగ్గరి కుమ్మరుల పేట కోసపేటకి తీసుకెళ్లండి. వినాయక చవితికి ముందు, దసరా బొమ్మల కొలువుకి ముందు ఆ వీధుల్లో మట్టి తప్ప ఇంకేం కనబడదు. లేదంటే ముట్టుకాడులో దక్షిణాది కళల మ్యూజియం దక్షిణచిత్రకి తీసుకెళ్లి కుమ్మరి సారె తిరుగుతుంటే చూపించండి. మట్టికి నిప్పు ఎందుకు కావాలో కుమ్మరి దగ్గర నిలబడి విన్న పిల్లలు వార్నిష్ కొట్టిన కప్పుని కప్పు అనుకోరు.

మీ పత్రిక జిల్లా పేజీలో ఇలాంటి క్లాసుల ప్రకటనలు వేస్తుంటారు. ఇకమీదట వేసేటప్పుడు రెండు ముక్కలు అడిగి రాయండి: చేసిన కప్పుని కిల్న్‌లో కాల్చి ఇస్తారా, వాడే గ్లేజు సీసం లేనిదేనా. జవాబు రాకపోతే ఆ ప్రకటన కింద "అలంకరణకు మాత్రమే" అని వేయండి.

ఇట్లు,
గూడూరు పాత విద్యార్థి,
పెరంబూరు, చెన్నై