సెటిల్‌మెంట్ అంటే ఏమిటో సంతకానికి ముందే చెప్పాలి

సంపాదకుడు గారికి,

అప్పు తీర్చలేక చేతులెత్తేసిన వాడిని మా గుంటూరు వైపు 'ఐపీ పెట్టాడు' అంటారు. కోర్టుకెళ్లినా వెళ్లకపోయినా అదే మాట. నేను కోర్టు దాకా వెళ్లలేదు. 2020 లాక్‌డౌన్ తర్వాత నా వ్యాపారం మూతపడింది. ఒకేసారి కొంత కడితే మిగతాది వదిలేస్తామని బ్యాంకు వాళ్లు పిలిచి చెప్పారు. దీన్నే సెటిల్‌మెంట్ అంటారు. ఇంట్లో బంగారం అమ్మి కట్టాను. మేనేజరు గారు నో డ్యూస్ లెటర్ ఇచ్చి 'ఇక మీకూ మాకూ లెక్క తేలిపోయింది' అన్నారు. చాలా నెలల తర్వాత ఆ రాత్రి నిద్రపట్టింది.

గత ఏడాది కారు కొని ట్రావెల్స్‌లో తిప్పుకుందామని లోన్‌కు వెళ్లాను. ఎవరు ఏ అప్పు ఎలా కట్టారో రాసిపెట్టే సంస్థ సిబిల్. నా సిబిల్ రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా 'సెటిల్డ్' అని ఉందని అప్పుడు తెలిసింది. బాకీ మొత్తం కడితే 'క్లోజ్డ్' అని రాస్తారట. కొంత మాఫీ అయితే 'సెటిల్డ్'. ఇతను పూర్తిగా కట్టలేదని తర్వాత చూసే ప్రతి బ్యాంకుకూ ఆ ఒక్క మాట చెప్పేస్తుంది, అదీ ఏళ్ల తరబడి. సంతకం పెట్టిన రోజు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇంకో ఆరు నెలలు గడువు అడిగి మొత్తం కట్టేవాడిని.

మాఫీ చేసిన డబ్బు కూడా తర్వాత విడతలుగా కట్టేశాను. అయినా రిపోర్టు మారలేదు. బ్రాంచిలో అడిగితే సిబిల్‌ను అడగమన్నారు, అక్కడ అడిగితే బ్యాంకు పంపితేనే మారుస్తామన్నారు. ఈ తిరుగుడుకు రిజర్వు బ్యాంకు మందు వేసిందని ఆలస్యంగా తెలిసింది. 2024 ఏప్రిల్ నుంచి, ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి. అందులో బ్యాంకు తన వంతు పని 21 రోజుల్లో ముగించాలి. ఈ రూల్ రాసి మళ్లీ ఫిర్యాదు పెడితే రెండు వారాల్లో 'క్లోజ్డ్' అయింది. అంతకుముందు నాలుగు నెలలు ఎంత టెన్షన్ పడ్డానో ఇంట్లో వాళ్లకే తెలుసు.

కారు చివరికి వచ్చింది, వడ్డీ ఎక్కువైనా. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకుని ఏడాదిపాటు ప్రతి బిల్లూ గడువులోగా కట్టడం నాకు బాగా పనికొచ్చింది. నాలాంటి వాళ్లకు ఇంకో మాట. షోరూమ్ వాళ్లు మన కాగితాలు ఒకేసారి నలుగురు ఫైనాన్స్ వాళ్లకు పంపుతామంటే ఒప్పుకోవద్దు. ప్రతి దరఖాస్తూ రిపోర్టుకెక్కి, అప్పు ఇచ్చేవాళ్లు చూసే మన సిబిల్ స్కోరును (మార్కులను) ఇంకాస్త కిందికి లాగుతుంది. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది, ముందు అది చూసుకోండి.

కంపెనీ మునిగితే 2016 దివాలా చట్టం ఉంది, గడువులు ఉన్నాయి. మామూలు మనుషుల కోసం అదే చట్టంలో రాసిన భాగం, కంపెనీల అప్పులకు హామీ ఉన్నవాళ్లకు తప్ప, ఇంకా అమల్లోకి రాలేదు. మనకు 1920 నాటి చట్టమే దిక్కు. అందుకే ఎక్కువమంది బ్యాంకుతో రాజీకే వస్తారు. ఆ రాజీ కాగితం ఇంగ్లిషులో, చిన్న అక్షరాల్లో ఉంటే ఎలా?

సెటిల్‌మెంట్ లెటర్ మొదటి పేజీలోనే, తెలుగులో, రిపోర్టులో ఏమని రాస్తారో, మిగతాది తర్వాత కడితే ఎన్ని రోజుల్లో మారుస్తారో తప్పనిసరిగా ముద్రించాలని రిజర్వు బ్యాంకును కోరుతున్నాను. పరిహారం రూల్‌ను ప్రతి బ్రాంచి నోటీసు బోర్డులో పెట్టించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు