పోటీ పెట్టండి, టర్నోవర్ అడగకండి: పురపాలక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను విజయవాడలో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు నడుపుతున్నాను. అమరావతిలో పనులు మళ్లీ మొదలయ్యాయి, జిల్లాల్లోనూ ప్రభుత్వ భవనాలకు టెండర్లు పడుతున్నాయి కాబట్టి ఈ ఉత్తరం.

డిజైన్ కన్సల్టెంట్ కోసం పిలిచే టెండర్ కాగితం ఒకటి తెప్పించుకుని చూడండి. మూడేళ్ల సగటు టర్నోవర్ ఇంత ఉండాలి, ఇంత విలువైన ఇలాంటి పనే చేసి ఉండాలి, ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు, ఇంత కట్టాలి. ఇవన్నీ దాటాక చాలావరకు ఎవరు తక్కువ ఫీజు కోట్ చేస్తే వాళ్లకే పని. ప్రభుత్వ ఆస్పత్రి చేసిన అనుభవం ఉంటేనే ప్రభుత్వ ఆస్పత్రి ఇస్తారట. మరి మొదటిది ఎవరిస్తారు? డిజైన్ ఎలా ఉందని అడిగే గడి మాత్రం నేను చూసిన చాలా టెండర్లలో లేదు.

దాంతో పని పెద్ద నగరాల సంస్థలకో, విదేశీ భాగస్వామి ఉన్నవాళ్లకో పోతుంది. చివరికి తిరిగి తిరిగి సబ్ కన్సల్టెంట్ పేరుతో మా బల్ల మీదకే వస్తుంది, ఫీజులో మిగిలిన ముక్కతో. అలాంటి ఒక భవనానికి వర్కింగ్ డ్రాయింగ్స్, అంటే సైట్‌లో చూసి కట్టే వివరమైన నక్షాలు, మేమే గీశాం. కాన్సెప్ట్ బయటి దేశపు ఆఫీసుది. పడమర గోడంతా రెండంతస్తుల ఎత్తు అద్దం, పైన సన్‌షేడ్ లేదు. మే నెల మధ్యాహ్నం మూడింటికి బెజవాడ ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. సన్‌షేడ్, దాని ముందు జాలీ (చిల్లుల తెర గోడ) గీసి పంపాం. 'డిజైన్ ఇంటెంట్', అంటే డిజైన్ అసలు ఉద్దేశం, మారిపోతుందని తిప్పి పంపారు. ఇప్పుడు ఆ హాల్లో పట్టపగలు బ్లైండ్లు దించుకుని, లైట్లు వేసుకుని పనిచేస్తున్నారు. ఏసీ సరిపోవట్లేదని ఫోన్ మాత్రం మాకే వస్తుంది.

విదేశీ ఆర్కిటెక్టులు రావద్దని నేననను. కేంద్రం ముందస్తు అనుమతితో ఒక ప్రాజెక్టు వరకు వాళ్లు పనిచేసే వీలు 1972 ఆర్కిటెక్ట్స్ చట్టంలోనే ఉంది. మనవాళ్లూ ఇక్కడ కూర్చునే బయటి దేశాలకు పనిచేస్తున్నారు. మా దగ్గర కాస్త పని నేర్చుకున్న పిల్లలు హైదరాబాద్ బిమ్ కంపెనీల్లో (భవనాలకు కంప్యూటర్ మోడళ్లు చేసేవి) చేరి అమెరికా భవనాలకు డోర్ షెడ్యూళ్లు, అంటే తలుపుల వివరాల పట్టికలు, తయారుచేస్తున్నారు. వాళ్లని తప్పుపట్టను, నేనిచ్చే జీతం అలా ఉంది మరి. అమెరికాకు గీసిన డ్రాయింగ్ సేవల ఎగుమతి కిందకొస్తుంది, దాని మీద జీఎస్టీ భారం ఉండదు. మన ప్రభుత్వ భవనానికి గీస్తే మామూలుగా 18 శాతం. ఇన్వాయిస్ ఇచ్చిన మరుసటి నెల 20వ తేదీకల్లా నేను కట్టెయ్యాలి. ప్రభుత్వ బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో నా బిల్లు ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి. సరే, జీఎస్టీ మీ చేతిలో లేదు. టెండర్ షరతు ఉంది.

పోటీలు పెట్టి చూశాం కదా అంటారేమో. 2016లో అమరావతి ప్రభుత్వ భవనాల సముదాయానికి పెట్టిన పోటీలో మూడు సంస్థలున్నాయి: జపాన్ నుంచి ఫుమిహికో మాకీ, లండన్ నుంచి రిచర్డ్ రోజర్స్, అహ్మదాబాద్ నుంచి బాలకృష్ణ దోషి. జ్యూరీ మాకీని ఎంపిక చేస్తే, అదే ఏడాది ఆయన్ని పక్కనపెట్టారు. పని నార్మన్ ఫోస్టర్ సంస్థకు వెళ్లింది. ఆర్కిటెక్చర్‌లో ప్రిట్జ్‌కర్‌ను మించిన బహుమతి లేదు. ఈ నలుగురికీ అది దక్కింది, దోషికి మాత్రం ఆ పోటీ తర్వాత, 2018లో. అంతటివాళ్లు పాల్గొన్న పోటీలోనే జ్యూరీ మాట నిలవకపోతే మాలాంటివాళ్లు ఏ ధైర్యంతో రాత్రింబవళ్లు కూర్చుని ఎంట్రీ తయారుచేస్తారు?

ఆ రోజర్స్‌కు పేరు తెచ్చిందే ఒక బహిరంగ పోటీ. 1971లో పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే సాంస్కృతిక కేంద్రం కోసం పెడితే 681 ఎంట్రీలు వచ్చాయి. గెలిచిన బృందానికి పెద్దలు రెంజో పియానో, రోజర్స్. ఇద్దరికీ అప్పటికి నలభై నిండలేదు, అంత పెద్ద భవనం కట్టిన చరిత్రా లేదు. మన షరతులే అక్కడా ఉంటే అర్హతలు చూసే టెక్నికల్ బిడ్‌లోనే ఎగిరిపోయేవాళ్లు.

రాజధాని సంగతి పక్కనపెట్టండి. పీహెచ్‌సీ, లైబ్రరీ, రైతు బజార్, వార్డు ఆఫీసు లాంటి చిన్న భవనాలకు టర్నోవర్, పాత అనుభవం షరతులు తీసేసి, ఎంట్రీ మీద పేరు కనపడకుండా పోటీ పెట్టండి. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉంటే చాలనండి. ఫీజు ముందే ఖరారు చేసి ప్రకటిస్తే, భవనం ఖర్చులో ఒక శాతం లోపు ఫీజు కోట్ చేసి తర్వాత సైట్ వైపే రాని బాపతుకు చోటుండదు. జ్యూరీకి దూరం వెళ్లక్కర్లేదు, 2008 నుంచి విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది.

చిన్న ఆఫీసు మధ్యలో చేతులెత్తేస్తే ఆడిట్‌లో మేం ఇరుక్కుంటాం అని మీ అధికారులు అంటారు. ఆ భయం నిజమే. గెలిచినవాళ్లు అనుభవమున్న స్ట్రక్చరల్ ఇంజనీరుతో కలిసి సంతకం చేయాలని పెట్టండి. మా పొరపాటు వల్ల నష్టం వస్తే కట్టే ఇండెమ్నిటీ ఇన్సూరెన్స్ అడగండి. డబ్బు దశలవారీగా ఇవ్వండి. ఇవేవీ కొత్త ఏర్పాట్లు కావు.

విదేశీ సంస్థకు ఇవ్వాల్సిన పెద్ద పని అయితే, ఇక్కడి ఆర్కిటెక్టుతో ప్రభుత్వమే నేరుగా వేరే అగ్రిమెంటు చేసుకోవాలి. ఎండ, వాన, గాలి విషయంలో అభ్యంతరం చెప్పే హక్కు, ఆ అభ్యంతరం ఫైల్లోకి ఎక్కే వీలు అందులో ఉండాలి.

వచ్చే ఆర్థిక సంవత్సరంలో జిల్లాకు ఒక్క భవనంతో మొదలుపెట్టండి. జ్యూరీ నివేదిక వెబ్‌సైట్‌లో పెట్టించండి. ఓడినవాళ్లలో నేనుంటే, ఎందుకు ఓడానో చదువుకుంటాను.

ఇట్లు,
ఒక ఆర్కిటెక్ట్, విజయవాడ