రికార్డు అంకె సరే, పరీక్ష ఎలా చేశారో కూడా రాయండి

సంపాదకుల వారికి,

కంప్యూటర్ మెమరీలో కొత్త స్పీడు రికార్డు వచ్చిన ప్రతిసారీ మీ పేపర్‌తో సహా అందరూ అంకెను పెద్ద అక్షరాల్లో వేసి, పక్కన తెల్లటి పొగలు కక్కే ఫొటో పెట్టి వదిలేస్తున్నారు. ఆ స్పీడు ఎంతసేపు నిలిచిందో చెప్పరు. చదివినవాళ్లేమో ఖరీదైన ర్యామ్ కొని, ఇంట్లో ఆ స్పీడు ఎందుకు రావట్లేదని తల పట్టుకుంటారు.

2020లో ప్రమాణం ఖరారైన డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ మామూలు స్పీడు 4800 నుంచి మొదలవుతుంది, రికార్డులు ఇప్పటికే 12,000 దాటాయి. ఇవి సెకనుకు ఎన్ని మెగా ట్రాన్స్‌ఫర్లో, అంటే డేటా ఎన్ని పది లక్షలసార్లు కదిలిందో చెప్పే లెక్కలు, మెగాహెర్ట్జ్ కాదు. ఒక్కో క్లాక్‌కి (చిప్ పనికి తాళం వేసే పల్స్‌కి) డేటా రెండుసార్లు కదులుతుంది కాబట్టి అసలు క్లాక్ అందులో సగమే. పైగా ర్యామ్‌తో డేటా ఇచ్చిపుచ్చుకునే మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్ లోపల, అంటే గెలిచింది ర్యామ్ ఒక్కటే కాదు. ఇలాంటి రికార్డుకి సాధారణంగా ఒకే స్టిక్ (ర్యామ్ పలక) పెట్టి, టైమింగులు, అంటే ఒక్కో పనికి ర్యామ్ ఆగే వ్యవధులు, బాగా వదులు చేసి, -196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ నైట్రోజన్ పోస్తారు, ఫొటోలో పొగలు దానివే. ఒక సాఫ్ట్‌వేర్ ఆ అంకెను నమోదు చేసేదాకా మెషీన్ నిలబడితే చాలు, ఆ తర్వాత హ్యాంగ్ అయినా రికార్డు రికార్డే. నేను దాన్ని తక్కువ చేయడం లేదు, అది నిజంగా కష్టమైన పనే, కానీ అది వేరే ఆట.

నాకు అసలు ఆసక్తి చలి చేసే పని మీద. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఓ చిన్న కెపాసిటర్‌లో ఉండే ఛార్జ్, అది చిల్లు కుండలో నీళ్లలా కారిపోతూనే ఉంటుంది, అందుకే ముందు తరమైన డీడీఆర్4లో ప్రతి 64 మిల్లీసెకండ్లకోసారి అన్నీ రిఫ్రెష్ చేయాలి, అంటే ఛార్జ్ మళ్లీ నింపాలి. వేడి పెరిగితే ఇంకా త్వరగా కారుతుంది, 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు వేగంతో జరగాలి. చల్లబరిస్తే దీనికి పూర్తిగా ఉల్టా. 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు వెలికితీసిన సంగతి వింటే ఆశ్చర్యమేస్తుంది: ద్రవ నైట్రోజన్‌లో ఉంచిన ర్యామ్‌లో, కరెంటు తీసేసిన గంట తర్వాత కూడా డేటా దాదాపు అంతా అలాగే ఉంది! (ఎన్‌క్రిప్షన్ తాళాలు దొంగిలించడానికి ఇదో దారి అని వాళ్లు చూపించారు, అది ఇంకో కథ.) అలాగని ఎంత చల్లబరిస్తే అంత మంచిదీ కాదు. కొన్ని చిప్‌లు ఒక హద్దు దాటగానే పనే చేయవు, దీన్నే ఓవర్‌క్లాకర్లు (చిప్‌లను మామూలు కంటే ఎక్కువ స్పీడులో నడిపేవాళ్లు) కోల్డ్ బగ్ అంటారు. గాలిలో తేమ బోర్డు మీద నీరుగా మారితే షార్ట్ సర్క్యూట్ టెన్షన్ అదనం.

ఇంట్లో వాడేవాళ్లకు కావలసిన పరీక్ష వేరు. డీడీఆర్5లో విద్యుత్తును నియంత్రించే చిప్ స్టిక్ మీదకే వచ్చింది, దాని వేడికి గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడిగాలి తోడైతే, చల్లగా ఉన్నప్పుడు పాసైన సెట్టింగే గంటసేపు గేమ్ ఆడాక తప్పులు చూపించొచ్చు. అందుకే ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86 లాంటి ప్రోగ్రామ్ రాత్రంతా నడపాలి, లోపలంతా వేడెక్కాక విండోస్‌లో మరో పరీక్షా పెట్టాలి. ర్యామ్ మీదకు చిన్న ఫ్యాన్ తిప్పితే చాలాసార్లు సమస్య అక్కడికే తీరిపోతుంది. డీడీఆర్5 చిప్‌లు ఒక బిట్ తప్పుల్ని లోపలే సరిదిద్దుకుంటాయన్నది నిజమే, కానీ చిప్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో దొర్లే తప్పుల్ని అవి పట్టుకోలేవు.

కాబట్టి ఈసారి రికార్డు వార్త వేసేటప్పుడు ఏ శీతలీకరణ వాడారు, ఎన్ని స్టిక్‌లు పెట్టారు, అంకె నమోదు చేసి ఆపేశారా లేక గంటల తరబడి నడిపారా, ఈ మూడూ రాయండి. పొగల ఫొటో వేస్తే దాని కింద ఇంకో వాక్యం కూడా తప్పకుండా ఉండాలి: ఒక లీటరు ద్రవ నైట్రోజన్ సుమారు 700 లీటర్ల వాయువుగా మారుతుంది, మూసిన గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది, వాసన ఉండదు కాబట్టి ప్రమాదం ముంచుకొచ్చేదాకా తెలియదు. ఆ ఫొటో చూసి సరదాపడే పిల్లలు చాలామందే ఉన్నారు.

- ఒక పాఠకుడు