వేరియంట్‌వారీ మైలేజీ షోరూంలోనే రాసి పెట్టాలి

అయ్యా,

కాంపాక్ట్ ఎస్‌యూవీల ప్రకటనల్లో మైలేజీ అంకె ఒక్కటే పెద్దగా కనిపిస్తుంది. అది ఏ ఇంజిన్‌ది, ఏ గేర్‌బాక్స్‌ది అన్నది అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది. జనం ఆ అంకె చూసి షోరూంకి వెళ్లి, వేరే వేరియంట్ (అదే మోడల్‌లో ఇంకో ఇంజిన్, గేర్‌బాక్స్ ఉన్న రకం) బుక్ చేసుకుని వస్తున్నారు.

2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారానే తీసుకోండి. తొలినాళ్లలో కంపెనీ ప్రకటించిన ప్రకారం లీటరుకు మైల్డ్ హైబ్రిడ్ (చిన్న మోటారు ఇంజిన్‌కి సాయం మాత్రమే చేసేది) మాన్యువల్ 21.11 కిలోమీటర్లు, ఆటోమేటిక్ 20.58, నాలుగు చక్రాలూ లాగే ఆల్‌గ్రిప్ మాన్యువల్ 19.38, స్ట్రాంగ్ హైబ్రిడ్ (మోటారు ఒక్కటే కూడా బండిని లాగగలిగేది) 27.97. సీఎన్‌జీది 26.6, కానీ అది కిలోకి. ఏడాదికి 15 వేల కిలోమీటర్లు తిరిగితే మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్‌కి 711 లీటర్లు, ఆల్‌గ్రిప్‌కి 774, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 536 పడతాయి. ఈ మైలేజీలు ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ వేయకుండా, 90 దాటని వేగంలో కొలిచిన అంకెలు. రోడ్డు మీద మైలేజీ ఇంకా తగ్గుతుంది.

ఆల్‌గ్రిప్‌లో ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ బలాన్ని వెనక్కి చేర్చే కడ్డీ), వెనక డిఫరెన్షియల్ (ఆ బలాన్ని వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) అదనం. ఆ బరువు, రాపిడి పొడి రోడ్డు మీద కూడా తప్పవు. సాలూరు ఘాట్ తారు రోడ్డుకి ముందు చక్రాలు మాత్రమే లాగే బండి చాలు. వానాకాలం ఏజెన్సీ మట్టిదారుల్లో రోజూ తిరిగేవాళ్లకు మాత్రం మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్ కంటే ఏడాదికి ఎక్కువ పట్టే ఆ 63 లీటర్లు దండగ కాదు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ లాభమంతా ఊళ్లోనే. విజయనగరం కోట జంక్షన్‌లో ఆగుతూ కదులుతూ ఉంటే ఇంజిన్ ఆగి మోటారే లాగుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీకి ఛార్జి ఎక్కుతుంది. శ్రీకాకుళం దాటి ఇచ్ఛాపురం వైపు హైవేలో నిలకడగా 100 మీద పోతే బ్రేకు పనే ఉండదు, లాభమూ బాగా తగ్గిపోతుంది. ఆ దారికి డీజిలే మేలు. అదే డీజిల్ బండిని రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిప్పితే డీపీఎఫ్‌లో (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో) మసి పేరుకుంటుంది. దాన్ని కాల్చడానికి అదనంగా డీజిల్ ఖర్చవుతుంది. మధ్యలో ఇంజిన్ ఆపేస్తుంటే ఆ పని పూర్తికాక హెచ్చరిక లైటు వెలుగుతుంది.

కాబట్టి రవాణా శాఖ మా మాట ఆలకించాలి. షోరూంలో ప్రతి బండి అద్దం మీద ఆ వేరియంట్ సొంత మైలేజీ, 100 కిలోమీటర్లకు పట్టే లీటర్లు అతికించి తీరాలన్న నిబంధన కావాలి. టెస్ట్ డ్రైవ్‌కి కూడా కొనబోయే వేరియంటే ఇవ్వాలి.

అప్పటిదాకా కొనేవాళ్లు అదే వేరియంట్ నడుపుతున్నవాళ్లను అడగడం మంచిది. డాష్‌బోర్డు అంకె వద్దు, చాలా బండ్లలో అది ఎక్కువే చూపిస్తుంది. పంపు నాజిల్ దానంతటదే కట్ అయ్యేదాకా ట్యాంకు నింపి, ఓడోమీటర్ (బండి తిరిగిన మొత్తం కిలోమీటర్లు చూపే మీటరు) అంకె రాసుకుని, 300 కిలోమీటర్లు తిరిగాక అదే పంపులో మళ్లీ కట్ అయ్యేదాకా నింపి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించి చెప్పమనండి.

— మోటారు మెకానిక్‌లు, విజయనగరం