2025 వార్షిక నివేదిక: రోడ్డు అసెస్‌మెంట్లు, గోల్డ్ లైన్, మన ఊరి కౌన్సిళ్లు

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఫొటోలు మీ అందరి దగ్గరా ఉన్నాయి. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు. అందుకని ఈ నివేదికలో ఎక్కువ భాగం ఈ ఏడాది మనం కొత్తగా నెత్తికెత్తుకున్న పని గురించే రాస్తున్నాను.

వుడ్‌బరీ, ఓక్‌డేల్, మేపుల్‌వుడ్, లేక్ ఎల్మో, కాటేజ్ గ్రోవ్. అమెరికాలో మిన్నెసోటా రాజధాని సెయింట్ పాల్‌కు తూర్పున ఉన్న ఈ ఊళ్లలో మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని స్థిరపడి చాలా కాలమైంది. ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాం, ఓటున్నవాళ్లం ఓటేస్తున్నాం. కానీ మన వీధి ఎప్పుడు తవ్వుతారు, దానికి ఎవరెంత కట్టాలి, బస్సు మన వైపు వస్తుందా రాదా అన్నవి తేల్చే సిటీ కౌన్సిల్ మీటింగుకు వెళ్లినవాళ్లు మనలో చాలా తక్కువ. నిర్ణయమంతా అయిపోయాక, బిల్లు చేతికొచ్చాక కంగారు పడటం మనకు అలవాటైపోయింది. దీన్ని మార్చాలని కార్యవర్గం ఒక చిన్న బృందాన్ని వేసింది.

రోడ్డు బిల్లు

వసంతకాలంలో మన సభ్యులు కొందరు ఉండే ఒక వీధికి ఉత్తరాలొచ్చాయి. తెల్ల కవరు, లోపల పార్సెల్ నంబరు (ఇంటి స్థలం గుర్తింపు సంఖ్య), వీధి పేరు, వేల డాలర్లలో ఒక అంకె, అడుగున హియరింగ్ (కౌన్సిల్ జరిపే బహిరంగ విచారణ) తేదీ. ఒకరు దాన్ని స్కామ్ అనుకుని పక్కన పడేశారు. ఇంకొకరు ఎస్క్రోలో, అంటే ఇంటి పన్నుల కోసం బ్యాంకు నెలనెలా తీసి ఉంచే డబ్బులో, పోతుందిలే అనుకున్నారు. ఇల్లు కొత్తగా కొన్న జంటకైతే వారం రోజులు నిద్ర లేదు. క్లోజింగ్ నాడు, అంటే ఇల్లు తమ పేరున మారిన రోజు, ఈ మాట ఎవరూ చెప్పలేదే అని వాళ్ల బాధ.

అది స్కామ్ కాదు. మిన్నెసోటా చట్టంలో 429వ అధ్యాయం ప్రకారం నగరం రోడ్డును బాగుచేసినప్పుడు ఆ ఖర్చులో కొంత భాగాన్ని దానివల్ల మేలు పొందిన ఇళ్ల మీద వేయవచ్చు. దీన్నే స్పెషల్ అసెస్‌మెంట్ అంటారు. నగరాలు ఈ పద్ధతిని వదలకపోవడానికి ఒక కారణముంది. ఖర్చులో కనీసం 20 శాతం ఇలా ఇళ్ల మీద వేస్తే, మిగతా దానికోసం ప్రజల ఓటుకు వెళ్లకుండానే బాండ్లు అమ్మి అప్పు తెచ్చుకునే వీలు చట్టం ఇచ్చింది.

ఇందులో హియరింగులు రెండుంటాయి. మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇదే. మొదటిది అసలు పని చేపట్టాలా వద్దా అన్నదాని మీద. ఇంజనీర్ల రిపోర్టు, అంచనా ఖర్చు అప్పుడు బల్ల మీదికి వస్తాయి. ఇళ్లవాళ్లు అడగకుండా నగరమే మొదలుపెట్టిన పనైతే కౌన్సిల్లో ఐదింట నాలుగు వంతుల ఓట్లు కావాలి. అంటే మేయరుతో కలిపి ఐదుగురు ఉండే కౌన్సిల్లో ఇద్దరు కాదంటే పని ఆగిపోతుంది. ఆ రోడ్డుకు ఆనుకున్న స్థలాల ముఖభాగం మొత్తం పొడవులో 35 శాతానికి తగ్గకుండా ఉన్న యజమానులు సంతకాలు పెట్టి అడిగితే మామూలు మెజారిటీ చాలు. రెండో హియరింగ్ ఎవరి ఇంటి మీద ఎంత అన్నది ఖాయం చేయడానికి. మనవాళ్లు కదిలేది ఈ రెండోదానికి, అదీ కోపంగా ఉన్నప్పుడు. అప్పటికే పని మంజూరై ఉంటుంది, చాలాసార్లు కంకర కూడా దిగి ఉంటుంది.

రెండో హియరింగులో మైకు ముందు నిలబడి ఎంత బాగా మాట్లాడినా కోర్టుకు వెళ్లే హక్కు దానివల్ల రాదు. అభ్యంతరం కాగితం మీద ఉండాలి, యజమాని సంతకం ఉండాలి, హియరింగుకు ముందే సిటీ క్లర్కుకు చేరాలి లేదా హియరింగులో దాన్ని నడిపేవారి చేతికివ్వాలి. అలా ఇచ్చినవాళ్లు కౌన్సిల్ ఆమోదించిన 30 రోజుల్లోపు మేయరుకో క్లర్కుకో నోటీసు అందజేసి, ఆ తర్వాత 10 రోజుల్లో జిల్లా కోర్టులో దాఖలు చేసుకోవచ్చు. కోర్టు చూసే ప్రశ్న సూటిగా ఉంటుంది: రోడ్డు వల్ల ఆ ఇంటి మార్కెట్ విలువ ఎంత పెరిగింది? వేసిన మొత్తం అంతకు మించకూడదు.

మన బృందం ఆ వీధివాళ్లను ఒక ఆదివారం ఒక సభ్యుడి బేస్‌మెంట్లో కూర్చోబెట్టి ఈ సంగతులన్నీ చెప్పింది. పక్కింటి హ్మాంగ్ (ఆగ్నేయాసియా నుంచి వచ్చి స్థిరపడిన ఒక జాతి) కుటుంబాన్నీ, ఎదురింట ఒంటరిగా ఉండే పెద్దాయననూ పిలిచాం. పిలవడం మంచిదైంది, ఎందుకంటే 65 ఏళ్లు దాటి కట్టడం కష్టమైన ఇంటి యజమానులకు అసెస్‌మెంటును వాయిదా వేసే అవకాశం చట్టంలో ఉందని ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నగరం ఆ వెసులుబాటు ఇవ్వాలన్న నిర్బంధం లేదు కానీ అడిగే హక్కు ఉంది. ఆయన దరఖాస్తు మనవాళ్లే నింపిపెట్టారు.

ప్రాజెక్టు ఆగలేదు, ఆపమని మనం అడగనూ లేదు. ఆ రోడ్డు నిజంగానే పాడైంది. మంచు కరిగే రోజుల్లో గుంతల్లో నీళ్లు నిలిచి పిల్లలు స్కూలు బస్సెక్కడానికి పక్కవాళ్ల గడ్డి మీంచి నడిచేవాళ్లు. మనం అడిగింది మొత్తాన్ని ఇళ్ల మధ్య ఎలా పంచారు, వాయిదాలకు వడ్డీ ఎంత, తవ్వకాల నెలల్లో స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుంది అన్నది. మూడింటికీ సమాధానాలొచ్చాయి. ఆమోదమైన 30 రోజుల్లో మొత్తం కడితే వడ్డీ లేదని తెలిశాక కొందరు ఒకేసారి కట్టేశారు. మిగతావాళ్లకు అది ఏటా ప్రాపర్టీ టాక్స్‌తో కలిసి వస్తుంది.

ఇళ్లు కొనబోతున్న సభ్యులకు ఒక మాట. ఇక్కడి పర్చేజ్ అగ్రిమెంటులో వేసేసిన అసెస్‌మెంట్లు ఎవరు కట్టాలి, వేయబోయేవి ఎవరు కట్టాలి అని విడివిడిగా రాసుకునే చోటు ఉంటుంది. సంతకం చేసే ముందు ఆ రెండు పంక్తులూ చదవండి. సిటీ హాలుకు ఫోన్ చేసి ఆ వీధికి రోడ్డు పని ఏమైనా అనుకుంటున్నారా అని అడగండి.

ఈ పద్ధతి న్యాయమేనా అని ఆ బేస్‌మెంట్లో గట్టి వాదనే జరిగింది. కోర్టులు కూడా దీన్ని తేలిగ్గా వదల్లేదు. వీధుల నిర్వహణకు తాను వసూలు చేసే మొత్తాన్ని సెయింట్ పాల్ నగరం పన్ను కాదు, రుసుము అని చెప్పేది. చర్చిలు వేసిన కేసులో 2016లో మిన్నెసోటా సుప్రీంకోర్టు అది పన్నేనని తేల్చింది. 2018లో మన వుడ్‌బరీ కేసు వచ్చింది. కొత్త లేఅవుటుకు అనుమతి ఇవ్వడానికి పెద్ద రోడ్ల ఖర్చు కట్టాలని నగరం షరతు పెడితే, అలా వసూలు చేసే అధికారం చట్టం నగరానికి ఇవ్వలేదని అదే కోర్టు చెప్పింది. సెయింట్ పాల్ ఓటర్లు 2023 నవంబరులో రోడ్లకూ పార్కులకూ కలిపి 1 శాతం అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. అది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది, 20 ఏళ్లు ఉంటుంది.

నా అభిప్రాయం చెబుతాను, సంఘం అభిప్రాయంగా కాదు. వీధిలో ఊరంతా తిరుగుతుంది కాబట్టి భారం ఊరంతా పంచుకోవాలి. అమ్మకపు పన్ను పేదవాళ్ల మీద ఎక్కువ పడుతుందన్నది నిజమే, ఆ వాదనకు విలువుంది. అయినా రిటైరైన మనిషికి ఒక్క ఉత్తరంతో వేల డాలర్ల బిల్లు పంపడం కంటే ఏటేటా ప్రాపర్టీ టాక్సులోనే అందరి దగ్గరా కొంచెం కొంచెం తీసుకోవడం మేలు.

గోల్డ్ లైన్

మార్చి 22న గోల్డ్ లైన్ అనే కొత్త బస్సు మార్గం మొదలైంది. సెయింట్ పాల్ డౌన్‌టౌన్ నుంచి ఐ-94 హైవే పక్కగా వుడ్‌బరీ దాకా దాదాపు 10 మైళ్లు, ఎక్కువ భాగం బస్సులకే కేటాయించిన దారి. ఖర్చు 50 కోట్ల డాలర్ల పైచిలుకు, అందులో సగానికి దగ్గరగా ఫెడరల్ డబ్బు. మొదట వేసిన ప్లాను ప్రకారం ఈ బస్సు హైవేకి ఉత్తరాన లేక్ ఎల్మో మీదుగా పోవాలి. 2016 జనవరిలో లేక్ ఎల్మో కౌన్సిల్ మాకొద్దని తప్పుకుంది. దాంతో దారి మారి, ఓక్‌డేల్‌లోని హెల్మో అవెన్యూ నుంచి వుడ్‌బరీలోని బీలెన్‌బర్గ్ డ్రైవ్‌కు హైవే మీద కొత్త వంతెన పడింది. ఆ రాత్రి లేక్ ఎల్మో మీటింగుకు ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో అన్నదాని మీద ఇన్ని వేలమంది ప్రయాణం ఆధారపడింది. వైట్ బేర్ లేక్ నగర కౌన్సిల్ 2022లో పర్పుల్ లైన్ అనే మరో బస్సు మార్గాన్ని ఇలాగే వ్యతిరేకించింది.

మన సంఘానికి ఈ లైను ఎందుకు ముఖ్యమో ప్రతి ఇంట్లోనూ తెలుసు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు ఇక్కడ కారు నడపరు. మనం ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చుంటారు. వేసవిలో ఒక శనివారం పొద్దున్న పెద్దవాళ్లను వుడ్‌లేన్ డ్రైవ్ స్టేషన్ నుంచి సెయింట్ పాల్ తీసుకెళ్లాం. టికెట్ బస్సులో కాదు, ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో కొనాలి. మామూలుగా 2 డాలర్లు, 65 దాటినవాళ్లకు 1 డాలర్, రెండున్నర గంటల్లోపు వేరే బస్సో రైలో మారినా మళ్లీ కొననక్కర్లేదు. ప్లాట్‌ఫాం బస్సు ఎత్తుకు దగ్గరగా ఉండటంతో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఇబ్బంది పడకుండా ఎక్కారు. లోవర్‌టౌన్ రైతు బజారులో హ్మాంగ్ రైతుల దగ్గర లేత కాకరకాయలు, పచ్చిమిర్చి చూసి గుంటూరు నుంచి వచ్చిన ఒక అత్తయ్యగారు సంచీ నింపుకున్నారు. ఆ తర్వాత ఆవిడ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని మనమెవరం లేకుండానే వెళ్లొచ్చారు.

ఈ బస్సుకు మనం డబ్బు కడుతూనే ఉన్నాం. 2023 అక్టోబరు నుంచి మినియాపొలిస్-సెయింట్ పాల్ మహానగర ప్రాంతంలో పన్ను పడే ప్రతి 100 డాలర్ల కొనుగోలు మీద 75 సెంట్లు రవాణాకు పోతున్నాయి. కాబట్టి ఇంకా మెరుగ్గా కావాలని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. స్టేషన్ దాకా చేరడమే ఇప్పటికీ కష్టం. చాలా ఇళ్ల నుంచి నడిచి వెళ్లే దూరం కాదు, జనవరిలో కాలిబాట మీద మంచు తీసేవరకు పెద్దవాళ్లు అడుగు వేయలేరు. లైనును మినియాపొలిస్ డౌన్‌టౌన్ దాకా పొడిగించే ప్రణాళిక కూడా ఉంది, దాన్నీ గమనిస్తూ ఉండాలి.

వచ్చే ఏడాదికి

సర్వసభ్య సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒక్కో ఊరి కౌన్సిల్ ఎజెండా చూసి గ్రూపులో తెలుగులో రెండు ముక్కలు రాయడానికి ఊరికొక సభ్యుడు కావాలి. వుడ్‌బరీకి, ఓక్‌డేల్‌కు ఉన్నారు, కాటేజ్ గ్రోవ్‌కు ఇంకా ఎవరూ లేరు. అభ్యంతర పత్రం, వాయిదా దరఖాస్తు ఎలా రాయాలో చూపే తెలుగు నమూనాలకు అచ్చు ఖర్చు మంజూరు చేయాలి. స్టేషన్లకు వెళ్లే కాలిబాటల మంచు గురించి కౌన్సిళ్లకు ఇచ్చే అర్జీ సమావేశం రోజు సంతకాల బల్ల మీద ఉంటుంది, ఓటు హక్కు లేకపోయినా అక్కడ నివసించే ఎవరైనా సంతకం చేయవచ్చు. నగరం నుంచి ఏ హియరింగ్ నోటీసు వచ్చినా అదే రోజు ఫొటో తీసి బృందానికి పంపండి.

కార్యదర్శి
కార్యవర్గం తరఫున