మత్తు సూది సంగతి

బావా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. మొదటిసారి చదివి నవ్వుకున్నాను, రెండోసారి చదివి కంగారుపడ్డాను. నవ్వెందుకంటే, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా గుర్రాల సంతకి ఊరికే చూసొస్తానని చెల్లెమ్మకి ఒట్టేసి వెళ్ళినవాడివి, రెండేళ్ళ మార్వారీ జాతి ఆడ గుర్రప్పిల్లకి బయానా ఇచ్చి వచ్చావు. దత్త జయంతి రోజుల్లో తాపీ నది ఒడ్డున అన్ని గుర్రాల మధ్య నిలబడ్డాక ఎవడి ఒట్టూ నిలవదులే. కోడలు అప్పుడే దానికి సిరి అని పేరు కూడా పెట్టేసిందంటున్నావు. ఇక వెనక్కిచ్చే మాట లేనట్టే.

కంగారు మాత్రం ఆ డ్రైవర్ మాటకి. రెండుసార్లు బండెక్కించబోతే ముందుకాళ్ళు లేపిందనీ, "ఒక్క సూది పొడిస్తే నిజామాబాద్ దాకా కిక్కురుమనదు" అని అతను ధైర్యం చెప్పాడనీ రాశావు. ఏం చెయ్యమంటావని నన్నడిగావు. చెప్తాను, కానీ ముందు ఒక పాత అబద్ధం ఒప్పుకోవాలి.

మా కుమైత్ (ఎర్రగోధుమ) రంగు పోతుగుర్రం మోకాలి మీద మచ్చ చూసి నువ్వొకసారి అడిగావు గుర్తుందా? ముళ్ళకంచె గీసుకుందన్నాను. కంచె కాదు బావా, సూది. దాన్ని కొన్నచోట ఒకాయన మెడలో ఏదో పొడిచాడు. పది నిమిషాల్లో తల వాల్చేసి, గొర్రెపిల్లలా డీసీఎం ఎక్కింది. నేనూ మురిసిపోయాను. గంట తిరక్కముందే గేదె అడ్డమొచ్చి డ్రైవర్ బ్రేక్ కొట్టాడు, వెనకాల దభీమని చప్పుడు. దిగి చూస్తే కింద పడి ఉంది, ఒక కాలు అడ్డుకర్ర కింద ఇరుక్కుంది. సగం మత్తు, సగం మెలకువ. లేవబోవడం, జారడం, మళ్ళీ పడడం. డిసెంబర్ చలిలో ఒళ్ళంతా చెమట. నలుగురం కలిసి దాన్ని లేపేసరికి తెల్లారింది. దారిలో దొరికిన పశువుల డాక్టర్ "ఏం మందిచ్చారు?" అంటే నా దగ్గర జవాబు లేదు. సీసా మీద పేరే చూడలేదు నేను. అది తెలియకుండా నొప్పి తగ్గడానికి ఇంకో మందివ్వాలన్నా ఆయనకి జంకే కదా. సిగ్గేసి ఇన్నాళ్ళూ నీకు చెప్పలేదు.

ఆ తర్వాత మా ఊరి డాక్టర్ దగ్గర కూర్చుని అసలు సంగతి తెలుసుకున్నాను. మన దగ్గర గుర్రాలకి ఎక్కువగా వాడేది జైలజిన్. నరానికిస్తే నిమిషాల్లో తల వాలిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది, కాళ్ళు తూలతాయి. దాని పని అరగంట, మహా అయితే ముప్పావుగంట. కండకిస్తే కాస్త ఎక్కువసేపు. ఇప్పుడు లెక్క వేసుకో. సారంగ్‌ఖేడా నుంచి ధూళే, సంభాజీనగర్, జాల్నా, నాందేడ్ మీదుగా నిజామాబాద్‌కి సుమారు ఆరు వందల కిలోమీటర్లు. 1978 నాటి పశువుల రవాణా నిబంధనల ప్రకారం గుర్రాలున్న బండి గంటకి 35 కిలోమీటర్లు మించకూడదు, బండికి నాలుగు నుంచి ఆరు గుర్రాలు మించకూడదు. ఆ వేగం ఎవడు పాటిస్తాడని నవ్వకు, నువ్వు పాటింపజెయ్యి. అంటే పదిహేడు గంటల పైమాటే. ధూళే చేరకముందే మందు దిగిపోతుంది. ఎక్కిన సంగతే తెలియని పిల్లకి, కదిలే చీకటి పెట్టెలో మెలకువ వస్తుంది. అప్పుడు మళ్ళీ పొడుస్తాడా? ఎన్నిసార్లు?

బండిలో నిలబడ్డ గుర్రం ఊరికే నిలబడదు. బ్రేక్ పడినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా నాలుగు కాళ్ళతో సర్దుకుంటూనే ఉంటుంది. మత్తు సరిగ్గా ఆ పనినే చెడగొడుతుంది. దానికి తోడు జైలజిన్ పేగుల కదలికని తగ్గిస్తుంది. గుర్రాలు వాంతి చేసుకోలేవు, కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికొస్తుంది. మత్తులో మేత నోట పెడితే గొంతులో అడ్డుపడుతుంది. ఇంకో మాట, నిద్రలో ఉన్నట్టే ఉండి తటాలున తన్నగలదు. మందిచ్చారు కదా అని వెనక నిలబడ్డవాడి గతి చెప్పక్కర్లేదు.

ఎసిప్రొమజిన్ అని ఇంకోటుంది, కాస్త మెతక మందు. కానీ రక్తపోటు తగ్గిస్తుంది, పైగా అప్పటికే బెదిరిపోయిన గుర్రం మీద సరిగ్గా పని చెయ్యదు. పోతుగుర్రాలకైతే అంగం బయటికి జారి మళ్ళీ లోపలికి పోకుండా ఉండిపోయే ముప్పు కూడా ఉందట. సిరికి ఆ బాధ లేదనుకో.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ మెడలో పొడవడం. రక్తాన్ని గుండెకి తీసుకెళ్ళే సిర పక్కనే, లోపలగా, మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని ఉంటుంది. సూది పొరపాటున అందులోకి దిగితే గుర్రం ఉన్నచోటనే కుప్పకూలి కొట్టుకుంటుంది. డాక్టర్లే ఆచితూచి చేసే పని, స్టీరింగ్ తిప్పే చేతికి ఎలా ఇస్తాం?

అసలు మందే వద్దని కాదు. డాక్టర్ పక్కనుండి, గుండె చూసి, బరువు కొలిచి, గుర్రం ఇంకా నెమ్మదిగా ఉన్నప్పుడే కొద్దిగా ఇస్తే, గాయమైన గుర్రాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళే వేళల్లో అదే కాపాడుతుంది. ఆయన్ని అడుగు, ఆయన మాట విను. కానీ సిరికి జబ్బు లేదు, తొందరా లేదు. సంత అయిపోయినా పదిహేను రోజులు తన దగ్గర ఉంచుకుంటానని అమ్మినాయనే అన్నాడంటున్నావు. ఆ పదిహేను రోజులే నీ మందు.

బండిని మట్టిగట్టుకి వెనక్కి ఆనించి పెట్టించు, నేలా బండీ ఒకే ఎత్తులో ఉండాలి. లోపల ఇసక, దాని మీద గడ్డి. పగటి వెలుగులోనే, తలుపులన్నీ బార్లా తీసి. ముందు నెమ్మదస్తురాలైన ముసలి గుర్రాన్ని ఎక్కించి, సిరిని ఊరికే వాసన చూడనీ. ఒక్క కాలు పెడితే చాలు, నోటికి బెల్లమ్ముక్క ఇచ్చి వెనక్కి తీసుకురమ్మను. తలుపు మూసేది నాలుగైదు రోజులయ్యాకే. తర్వాత ఇంజన్ ఆన్ చేసి, ఆ తర్వాత పొలం చుట్టూ ఒక తిప్పు. కొరడా పట్టుకున్నవాణ్ణి మాత్రం దరిదాపులకి రానివ్వకు. (సుడులు మంచివి కావని ఎవడో అన్నాడని రాశావే, ఆ గోల వదిలెయ్. ఎద్దులప్పుడు మీ నాన్నగారు కూడా అలాగే అనేవారు, ఆ ఎద్దులే పదేళ్ళు దున్నాయి.)

బయల్దేరే రోజు గుగ్గిళ్ళు వద్దు, ఎండుగడ్డి చాలు. తాడు మరీ పొట్టిగా కట్టనివ్వకు. తల గంటల తరబడి పైకే ఉంటే దుమ్మూ తెమడా ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరం పట్టుకుంటుంది. తల దించుకునేంత వదులుండాలి, లాగితే ఊడిపోయే ముడి వెయ్యాలి. మూడు నాలుగు గంటలకోసారి ఆపి నీళ్ళు చూపించు. కొత్త నీళ్ళు తాగదు, అందుకని ఇప్పట్నించే నీళ్ళలో కాస్త బెల్లం కలిపి అలవాటు చేయించు. దారిలో ఎక్కడి నీళ్ళయినా అదే రుచి. రాత్రికి జాల్నా దగ్గర దింపి పడుకోబెట్టు, ఒక్క రోజులో తెచ్చేద్దామన్న పంతం వద్దు. ప్రయాణానికి పనికొస్తుందన్న డాక్టర్ సర్టిఫికెట్, గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగం లేదన్న హిసార్ గుర్రాల పరిశోధన కేంద్రం రిపోర్టు చేతిలో పడ్డాకే మిగతా డబ్బు ఇవ్వు.

ఇంటికొచ్చాక మూడు రోజులు పొద్దున్నా సాయంత్రం థర్మామీటర్ పెట్టు. 38.5 డిగ్రీలు దాటినా, దగ్గినా, మేత ముట్టకపోయినా డాక్టర్ని పిలువు. కోడలు మొదటి రోజే ఎక్కుతానని మారాం చేస్తుంది, నా మీద పెట్టి ఆపు. మామయ్య ఒప్పుకోలేదని చెప్పు.

బండి కదిలే తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి. నేను నాందేడ్ దాకా ఎదురొచ్చి, అక్కడినుంచి వెనకాల గుర్రం దగ్గరే కూర్చుంటాను. నీ డ్రైవర్ పక్కన సీట్లో కూర్చుని ఆ 35 చూసుకునే పని నీది. ఈ ఉత్తరం చెల్లెమ్మకి చూపించకు, కంచె కథ తనకీ చెప్పాను.

నీ
బావ