మా తండా పేరు పక్కన ఆ హెచ్ స్లాష్ ఓ ఏంది: పంచాయతీరాజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, రామ్ రామ్.

నా ఆధార్ కార్డుల అడ్రస్ ఇట్లుంటది: ముందు మా తండా పేరు, పక్కన హెచ్ స్లాష్ ఓ, తర్వాత రెండు కిలోమీటర్ల అవతల ఉన్న పెద్దూరి పేరు. చిన్నప్పుడు అది హౌస్ ఓనర్ అనుకునేటోన్ని, పెద్దూరోళ్ళు మాకు ఓనర్లేమో అని. డిగ్రీల చేరినంక తెలిసింది, హామ్లెట్ ఆఫ్ అంట, అంటే శివారు. పెద్ద తేడా ఏం లేదు లెండి.

2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలు అయితయన్నరు, రాష్ట్రంల పంచాయతీలు 12 వేలు దాటినయి, మా పక్క తండాల డీజే పెట్టి ఎగిరిన్రు. మాది ఆగిపోయింది. మేమే ఇంటింటికి తిరిగి రాసుకుంటే నాలుగొందలు కూడా తేలలే, సగం మంది హైదరాబాద్ ల ఆటోలు నడుపుతున్నరు. సరే, రూల్ రూలే, దాని గురించి రాస్తలేను.

మొన్న ఒక ఆఫీసుకు పోయి మా తండా ఎప్పుడు పుట్టిందో రికార్డు ఏమన్నా ఉందా సార్ అని అడిగిన. ఆయన కంప్యూటర్ల పెద్దూరి పేరు కొట్టి, మీకు సెపరేట్ గా ఏం లేదు బాబూ అన్నడు. ఆయన తప్పు కూడా కాదు, జనాభా లెక్కలు రెవెన్యూ గ్రామం పేరు మీద తీస్తరు, మేం అండ్ల కలిసిపోతం.

మరి మా చరిత్ర ఎక్కడుందంటే మా దాది (నాయనమ్మ) నోట్ల ఉంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం ఏసుకొని తిరిగిన లదేణి రోజులు, రైళ్ళొచ్చి ఆ బేరం పడిపోవుడు, గొడ్లకు గడ్డి నీళ్ళు దొరికిన కాడ దిగిపోవుడు, దిగిన నాయక్ (తండా పెద్ద) పేరే తండాకు పడుడు, అన్నీ నిన్న జరిగినట్టు చెప్తది. 1871ల ఇంగ్లీషోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి మా బంజారాలను చాలా చోట్ల పుట్టుదొంగల లిస్టుల రాసిన్రు, 1952 దాకా ఆ పేరు పోలేదు. దొంగలు అని రాసెతందుకు కాయితం దొరికింది, ఊరు అని రాసెతందుకే దొరకలే.

సాయుధ పోరాటంల కొట్లాడిన ధర్మాపురం తండా, జాటోతు ఠాను పేర్లు పుస్తకాలల్ల ఉన్నయి, సంతోషం. మాది అసొంటి తండా కాదు, ఏ కొట్లాట జరగని మామూలు తండా. దాన్నెవరు రాస్తరు?

నేను అడిగేది బిల్డింగ్ కాదు, ఫండ్స్ కాదు. శివారు తండాలకు కూడా పంచాయతీ రికార్డుల తలా ఒక పేజీ పెట్టియ్యున్రి: పేరు, దిగిన నాయక్ ఎవరు, ఏ గోత్రాలు, ఏ బాయి ముందు తవ్విన్రు. 2027 జనాభా లెక్కలల్ల మా సంఖ్య విడిగ రాసేటట్టు ఢిల్లీకి ఒక మాట చెప్పున్రి. మా బంజారా భాష గోర్ బోలికి లిపి లేదు కాబట్టి తెలుగులనే రాసుకుంటం.

మా వంశాలన్నీ పాడే ఢాడీ తాత పంటలు ఇంటికొచ్చినంక వస్తడు, మా సేవాలాల్ గుడి అరుగు మీద కూసోని రాత్రంతా పాడుతడు. పోయినసారి సగం పేర్లు యాది మర్చిపోయిండు. ఈసారి ఆయన వచ్చినప్పుడు రాసుకునే మనిషినొకర్ని పంపున్రి, తిండి, పడక మేం చూసుకుంటం.